ఏడు తంతుల ఫిడేలు: రసికుల వివాదము

గాయకునకు కంఠమెట్టిదో వాద్యకారునకు వాద్యమట్టిది. కంఠము పుట్టుకతో వచ్చినది గనుక దానిని మార్చుకొనుటకు వలనుపడదు. వాద్యమన్ననో కొయ్యతోడను తంతులతోడను మనుష్యుడు చేసికొన్నది, కావలెనన్న మార్చుకొనవచ్చును. ఐనను పేరుమోసిన విద్వాంసుడొకడు తన వాద్యమును మార్చినాడన్న వార్త పుట్టినంతనే రసికలోకము రెండుగా చీలుట ఎల్ల దేశములందును కనబడుచున్న విషయమే. “ఇక ఆ నాదము పోయినది” అని కొందరందురు. “పట్టిన చేయి అదియే గదా, నాదమెక్కడికి పోవును?” అని మరికొందరందురు. ఈ తగవు ఎట్టిదో, ఇందెవరి మాట ఎంతవరకు నిలిచినదో, దక్షిణదేశ సంగీత చరిత్రలోని కొన్ని ఘట్టముల మూలమున పరిశీలింప దలచితిమి. అందు ముఖ్యమైనది మైసూరు చౌడయ్యగారి ఏడు తంతుల ఫిడేలు.

ముందుగా ఒక పాత సంగతి చెప్పవలసియున్నది. తంజావూరును 1600 మొదలు 1634 వరకు పాలించిన రఘునాథ నాయకుడు తెలుగు ప్రభువు, కవి, సంగీతజ్ఞుడు. చేమకూర వేంకటకవి, రామభద్రాంబ మొదలగువారు ఆయన సభనలంకరించిరి. పూర్వకాలపు వీణలకు రాగమును బట్టి మెట్లను జరుపుకొనవలసి వచ్చెడిది. ఒక్కొక్క స్థాయికి పన్నెండేసి చొప్పున ఇరువదినాలుగు మెట్లను స్థిరముగా నిలిపి, ఎల్ల రాగములను ఒక్క వీణమీదనే పలికించు ఏర్పాటు ఈ ప్రభువు కాలమున కుదిరినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఆ వీణకు రఘునాథ మేళవీణ అని పేరు. ఒక మనుష్యుని పేరు వాద్యమునకు ముద్రగా నిలిచిన ఉదాహరణము మన దక్షిణదేశమున ఇంత ప్రాచీనమైనది కలదన్నమాట. అదియు తమిళ దేశమున స్థిరపడిన తెలుగువాని పేరగుట మనబోటివారు గుర్తుంచుకొనదగినది. తరువాతి కాలమున వీణలకు మనుష్యుల పేర్లకంటె ఊళ్ల పేర్లే ఎక్కువగా నిలిచినవి. తంజావూరు వీణ, మైసూరు వీణ, బొబ్బిలి వీణ, నూజివీడు వీణ అని నేటికిని వ్యవహారము. బొబ్బిలి పనివారు ఒకే పనసదుంగను తొలిచి ఏకాండి వీణను చేయుదురు. ఏ వీణ నాదము మేలైనదన్న వాదము మాత్రము ఏ ఊరివారికి ఆ ఊరి పక్షమే.

ఫిడేలు కథ వేరు. అది మన దేశమున పుట్టినది కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు మదరాసునకు చేరువనున్న మణలిలో నివసించు కాలమున, ఐరోపా వాద్యబృందములను విని, ఒక పాశ్చాత్యుని వద్ద ఫిడేలు అభ్యసించి, దానిమీద కర్ణాటక సంగీతమును పలికించిరి. తంజావూరి నలువురు సోదరులలో ఒకరగు వడివేలు, తిరువాన్కూరు స్వాతి తిరునాళ్ మహారాజుగారిచే దంతపు ఫిడేలును బహుమానముగా పొందెను. పాశ్చాత్యులు నిలువబడి గడ్డము క్రింద నొక్కిపట్టి వాయించు వాద్యమును మనవారు పద్మాసనము వేసికొని కూర్చుండి, దాని తలను కుడి మడమపై నానించి వాయించిరి. తంతుల శ్రుతిని కూడ షడ్జ పంచమ, షడ్జ పంచమములుగా మార్చిరి. మెట్లు లేని వాద్యమగుటచే గమకమునకు ఫిడేలు బాగుగా లొంగినది. నూరు సంవత్సరములు గడచునప్పటికి ఫిడేలు లేని కచేరియే లేదన్నంతగా స్థిరపడినది. పరదేశమునుండి వచ్చినది మన ఇంటిపేరు పెట్టుకొన్నదనవలెను.

ఇట్లు స్థిరపడిన నాలుగు తంతుల ఫిడేలునకు మరి మూడు తంతులు చేర్చిన సాహసి చౌడయ్యగారు. ఆయన 1895 జనవరి 1వ తేదీన మైసూరు ప్రాంతమున, కావేరీ కపిలా సంగమ స్థానమగు తిరుమకూడలులో జన్మించిరి. తరువాత తాము రచించిన కృతులలో “త్రిమకుట” అను ముద్రను ఉంచుకొనుట ఆ ఊరి పేరును బట్టియే. 1910లో మైసూరు ఆస్థాన గాయకులగు బిడారం కృష్ణప్పగారి శిష్యులై కఠోర సాధన చేసిరి. సాధన ముగిసి కచేరీలకు పక్కవాద్యము వాయింప మొదలిడిన కాలమునకు మైకులు లేవు. పెండ్లి పందిళ్లలోను, రామనవమి ఉత్సవములలోను వేలకొలది జనము కూర్చుండెడివారు. గాయకుని కంఠము గట్టిదైనచో కొంత దూరము పోవును. మృదంగము అంతకంటె దూరము పోవును. ఈ రెంటి నడుమ నాలుగు సన్నని తంతుల నాదము చివరి వరుసవారికి చేరుట కష్టము. రాగాలాపనలో గాయకుడు విడిచిన వెంటనే ఫిడేలు అందుకొనగా, వెనుక కూర్చుండినవారికి విల్లు కదలుట మాత్రమే కనబడెడిది. ఈ లోపమును తీర్చుటకై చౌడయ్యగారు నాలుగు తంతులకు తోడుగా మూడు తంతులను చేర్చి, 1927 నాటికి ఏడు తంతుల ఫిడేలును సభలకెక్కించిరి.

ఇది ఎట్లు పని చేయునో చెప్పెదము. ఒక్క తంతిని విల్లు రాచినప్పుడు పుట్టు నాదముకంటె, జంటగానున్న రెండు తంతులను ఒకేసారి రాచినప్పుడు పుట్టు నాదము పుష్టియైనది. ఇంటి వాకిట ఒకరు పిలుచుటకును ఇద్దరు కలిసి పిలుచుటకును గల భేదమే ఇది. కాని కష్టములును జంటగానే వచ్చును. ఒక్క వ్రేలితో రెండు తంతులను సమముగా నొక్కవలెను. శ్రుతి కలుపుట రెట్టింపు పని. జంటతంతులలో ఒకటి వెంట్రుకవాసి జారినను అపశ్రుతి చెవిని పొడుచును. తంతులు హెచ్చినకొలది బిగువును హెచ్చి పెట్టె పై పలకమీద భారము పడును. విల్లునకు కావలసిన బలమును ఎక్కువే. చౌడయ్యగారి చేతి బలము, విల్లు పట్టు అట్టివి గనుక ఆ వాద్యము ఆయనకు లొంగినది.

ఈ మార్పును గురువుగారికి తెలుపుటకు శిష్యుడు మొదట జంకెననియు, కచేరిలో నాదపుష్టిని గమనించిన గురువుగారే వాద్యమును తెప్పించి చూచి సంతోషించిరనియు మైసూరు పెద్దలు చెప్పుకొందురు. రసికులందరు మాత్రము గురువుగారివలె ఏకాభిప్రాయమునకు వచ్చినవారు కారు. మా చిన్నతనమున ఇంటి అరుగులమీద పెద్దలు ఈ విషయమై వాదులాడుకొనగా మేము వినియుంటిమి. చౌడయ్యగారు 1967 జనవరిలో పరమపదించిన పిదప కూడ ఆ వాదము ఆగలేదు. వ్యతిరేకుల వాదము ముఖ్యముగా మూడు తెరగులు. ఒకటి, సూక్ష్మ గమకములు జంటతంతులమీద ముద్దగట్టునని. రెండు, పక్కవాద్యము గాయకుని మించి వినబడుట మర్యాద కాదని. మూడు, సంప్రదాయము నాలుగు తంతులను అంగీకరించిన పిమ్మట దానిని కదపుటకు ఎవ్వరికిని అధికారము లేదని. అనుకూలుర ప్రత్యుత్తరములును మూడే. వినబడని సూక్ష్మ గమకముకంటె వినబడు గమకము మేలు. చివరి వరుసవాడును రసికుడే. ఇక నాలుగు తంతులును నిన్న మొన్న సముద్రము దాటి వచ్చినవే గదా! ఈ కడపటి మాటకు మా పెద్దలలో ఎవరును బదులు చెప్పగా మేము వినలేదు. మన వీణకును నాలుగు వాయింపు తంతులు, మూడు తాళపు తంతులు వెరసి ఏడే గదా అని లెక్క చూపించినవారును కలరు. కాని ఆ మూడు వేరు పనికి, ఈ మూడు వేరు పనికి ఏర్పడినవి గనుక ఆ పోలిక నిలువదు.

ఇదే కాలమున ఫిడేలు విద్యలో ఆంధ్రుల కీర్తిని నలుదెసల చాటిన మహనీయులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. వారు 1893 నవంబరు 8వ తేదీన జన్మించినది బెంగుళూరున. పెరిగినది విశాఖ మండలమున. 1919లో విజయనగర మహారాజావారి సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీని పొంది 1964 నవంబరులో దివంగతులైరి. నాయుడుగారు తంతుల సంఖ్యను మార్చలేదు. నాలుగు తంతులమీదనే దీర్ఘమైన విల్లుతో, నాద మాధుర్యముతో, పక్కవాద్యమగు ఫిడేలును ప్రధాన వాద్యముగా వేదికకెక్కించిరి. చౌడయ్యగారు ఫిడేలును దూరముగా వినిపించిరి. నాయుడుగారు ఫిడేలును ఒంటరిగా వినిపించిరి. ఒకరు వాద్యమును మార్చిరి, వేరొకరు వాద్యము కూర్చుండు స్థానమును మార్చిరి. కర్ణాటక దేశమున పుట్టి ఆంధ్రదేశమున వెలసిన నాయుడుగారిని, చౌడయ్యగారిని తూచి ఎవరు అధికులని తేల్చజూచుట అవివేకము. 1957లోనే చౌడయ్యగారికిని సంగీత కళానిధి బిరుదము లభించినది. నాలుగు తంతులవారిని ఏడు తంతులవారిని ఒకే పీఠము గౌరవించెనన్నచో పండిత సభ తీర్పు ఎట్టిదో ఊహింపవచ్చును.

కాలము ఇచ్చిన తీర్పు మాత్రము వేరు విధముగా నున్నది. సభలలో మైకులు వచ్చినవి. నాలుగు తంతుల నాదమే వెయ్యిమందికి వినబడసాగినది. ఏడు తంతులకు మూలకారణమగు అవసరము తీరిపోయినది. నేటి కచేరీలలో నాలుగు తంతుల ఫిడేలే సామాన్యము. ఐనను బెంగుళూరులో 1980లో చౌడయ్యగారి పేర వెలసిన స్మారక భవనమును ఫిడేలు ఆకృతిలో, విల్లుతోడను తంతులతోడను కట్టినారు. మేము గుమాస్తాగా కొలువు చేసిన దినములలో ఎన్నియో పర్యాయములు ఆ భవనము ముందుగా నడచిపోయితిమి. వాద్యము వాడుకలో నిలువలేదు గాని వాద్యకారుని పేరును అది కట్టడమై నిలిపినది.

తగవు ముదిరి శాసనమువరకు పోయిన సందర్భమును ఒకటి కలదు. అది హార్మోనియము విషయము. మెట్టునుండి మెట్టునకు జారుట ఆ వాద్యమున లేదు గనుక గమకము పలుకదనియు, దాని స్వరస్థానములు మన స్వరములతో సరిగా కుదురవనియు పండితులు ఆక్షేపించిరి. 1940 మార్చి మొదలుకొని ఆకాశవాణి దానిని నిషేధించినది. ఆ నిషేధము 1971లో కొంత సడలినది. అన్ని సంవత్సరములును మన తెలుగు పద్యనాటకము మాత్రము హార్మోనియము లేక తెల్లవారి ఎరుగదు. రాగమాలపించి పద్యమునందుకొను నటునకు శ్రుతిని కాచి నిలిపినది అదియే. బరంపురము మొదలు బెంగుళూరు వరకు మన సంఘములు ఆడించిన నాటకములలో దాని స్థానము మన పెద్దలెరుగుదురు. ఒకచోట పనికిరాని వాద్యము వేరొకచోట ప్రాణమగునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన కాలపు వివాదము. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యముననే మాండలిన్ పట్టెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములయందు తొలి కచేరి, 1981లో మదరాసున కచేరి చేసి పండితులను ఆశ్చర్యచకితులను చేసెను. “సినిమా పాటల వాద్యమునకు సదస్సున చోటా?” అని కొందరు, “విద్యుత్తు లేక పలుకని వాద్యమును ఏమందుము?” అని కొందరు ప్రశ్నించిరి. మా కార్యాలయమున తెలుగువారు, కన్నడిగులు, తమిళులు ఒకే బల్లమీద భోజనము చేయుచు ఈ విషయమై గట్టిగా వాదించుకొన్న దినములు మాకు బాగుగా జ్ఞాపకమున్నవి. చిత్రమేమనగా, ఆ వాదమున పక్షములు భాషను బట్టి ఏర్పడలేదు, చెవిని బట్టి ఏర్పడినవి.

శ్రీనివాస్ చేసిన మార్పును చౌడయ్యగారి మార్పుతో పోల్చిచూచిన ఒక విశేషము కనబడును. మామూలు మాండలిన్‌నకు జంటలుగా ఎనిమిది తంతులుండును. ఆ బాలుడు జంటలను తొలగించి ఐదు ఒంటి తంతులను ఉంచుకొనెను. ఒంటి తంతి లాగుటకు లొంగును గనుక గమకము స్పష్టమగును. నాదపుష్టిని విద్యుత్తు చూచుకొనును. విద్యుత్తు లేని కాలమున నాదముకొరకు చౌడయ్యగారు ఒంటి తంతులను జంటలు చేసిరి. విద్యుత్తు గల కాలమున గమకముకొరకు శ్రీనివాస్ జంటలను ఒంటి తంతులు చేసెను. చూచుటకు ఇవి ఎదురెదురు మార్పులు. మూలమున ఒకటే తపన. తనలోని సంగీతము వినువానికి చేరవలెనన్నదే ఆ తపన. ఆ మహావిద్వాంసుడు 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నైలో 45వ ఏటనే అస్తమించుట మన దురదృష్టము. అప్పటికి మాండలిన్ అతని ఇంటిపేరైపోయినది.

పాశ్చాత్య దేశములలో ఈ తగవునకు వ్యాపారపు రంగు కూడ అంటినది. అక్కడ కంపెనీవారు ప్రసిద్ధ వాద్యకారుని సంతకమును వాద్యముమీద వేసి అమ్ముదురు. మనదేశమున వాద్యము పేరు మనుష్యునకు ముందు చేరి, వీణ శేషన్న, వీణ ధనమ్మాళ్, మాండలిన్ శ్రీనివాస్ అగును. అక్కడ మనుష్యుని పేరు వాద్యమునకు చేరును. మార్కస్ మిల్లర్ అను అమెరికా విద్వాంసుడు బేస్ గిటారు వాయించుటలో ప్రసిద్ధుడు. అతడు పేరు గడించినది ఫెండర్ కంపెనీవారి 1977 నాటి జాజ్ బేస్ మీద. ఆ కంపెనీవారు అతని సంతకముతో వాద్యములను అమ్మిరి. 2015లో అతడు సైర్ అను కొరియా సంస్థతో చేరి తన పేర తక్కువ వెల వాద్యములను వెలువరించెను. ధనముకొరకు పాత తోడును విడిచెనని కొందరు అభిమానులు నొచ్చుకొనిరి. సామాన్య గృహస్థుని బిడ్డకు మంచి వాద్యము అందుబాటున పెట్టెనని మరికొందరు మెచ్చిరి. చౌడయ్యగారిని ధనాశాపరుడని నిందించుటకు ఇట్టి అవకాశము లేకుండెను. అది తప్ప మిగిలిన వాదమంతయు మా అరుగులమీద జరిగినదే. చేయి గొప్పదా, కొయ్య గొప్పదా అన్న ప్రశ్నకు దేశభేదము లేదు.

ఇన్ని ఘట్టములను చూచిన పిమ్మట మాకు తోచినది చెప్పెదము. వాద్యము మారినప్పుడు రసికునకు కలుగు బెంగ వట్టిది కాదు. తాను ప్రేమించిన నాదము ఇక వినబడదేమో అన్న భయము అందున్నది. పాతదానిని కాచువాడు లేనిచో సంప్రదాయమే లేదు గనుక ఆ భయమును పరిహసింపరాదు. కాని వాద్యమును చూచి తీర్పు చెప్పరాదు, విని చెప్పవలెను. శ్రుతి నిలిచినదా? గమకము పలికినదా? సాహిత్యము స్ఫురించినదా? ఈ మూడు ప్రశ్నలకు అవునన్న సమాధానము వచ్చినచో తంతులు నాలుగైననేమి, ఏడైననేమి?

మూడవ ప్రశ్నయే మనకు మిక్కిలి ముఖ్యము. శ్రీనివాస్ గురువులగు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుల శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడెడివారు, బాలుడు దానిని తంతులమీద పలికించెడివాడు. పాట ముందు, వాద్యము తరువాత. ఆ చెంబైగారికే చౌడయ్యగారు తరచుగా పక్కవాద్యము వాయించిరనుట గమనింపదగినది. ఏడు తంతులవారును ఐదు తంతులవారును ఒకే పాట గట్టున నీరు త్రాగినవారే. ఆ పాటలో అధిక భాగము త్యాగరాజస్వామివారిది. కాకర్ల వంశమున పుట్టి, తమిళ దేశమున కావేరీ తీరమున తిరువయ్యారున నివసించి, తెలుగున పాడిన ఆ మహనీయుడు మనవలె పరరాష్ట్రమున స్థిరపడిన తెలుగువాడే గదా!

మన తెలుగును గూర్చియు ఇట్టి తగవే కలదు. తరతరములుగా కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో వసించు మనము మాటాడు తెలుగు విని, స్వరాష్ట్రపు చుట్టములు “ఇది ఏమి తెలుగు?” అని నవ్వుట మనలో పెక్కుమందికి అనుభవమే. మన తెలుగునకు కొన్ని పొరుగు తంతులు చేరిన మాట నిజము. దానికి సిగ్గుపడవలసిన పని లేదు. తంతులు చేరినందువలన భాష చెడదు. పాట మరచినందువలన చెడును. మన పిల్లలు నేడు గిటారు, కీబోర్డు నేర్చుకొనుచున్నారని వగచు తల్లిదండ్రులు కలరు. నేర్చుకొననిండు. వారి చేతిలోని వాద్యమును లాగికొనుటకంటె, వారు వాయించు కృతి సాహిత్యమును తెలుగు లిపిలో చదివి అర్థము చెప్పగలుగునట్లు చేయుట మేలు. “రామ” అను మాట ఎక్కడ విరువవలెనో, ఎక్కడ నిలుపవలెనో తెలియని వ్రేళ్లు ఏ తంతిమీదనున్నను ఒకటే. మన సంఘములు వారమునకొక గంట ఇట్టి తరగతిని నడపినచో, అందుకు కావలసినది ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క, ఓపిక గల ఒక పెద్ద. విశ్రాంత జీవనము గడుపుచున్న మాబోటివారు ప్రతి ఊరిలోను కలరు. పిలిచినచో తప్పక వత్తురు.

వాద్యములు మారుచుండును. పాట నిలుచుటయే మన పూనికపై ఆధారపడియున్నది.